డిస్‌ప్లే రావట్లేదా? మానిటర్‌ను పారేసే ముందు ఇంట్లో ఇలా చూడండి

మా బావగారింట్లో పిల్లలు చదువుకునే సిస్టమ్‌కి 19 అంగుళాల పాత మానిటర్ ఉండేది. ఒకరోజు ఆన్ చేస్తే కంపెనీ బొమ్మ రెండు సెకన్లు కనిపించి స్క్రీన్ నల్లబడిపోయింది. పవర్ లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. దగ్గర్లోని రిపేరు షాపుకి తీసుకెళ్తే మూత కూడా తీయకుండా "ప్యానెల్ పోయింది సార్, కొత్తది తీసుకోండి" అన్నారట. పండక్కి వెళ్లినప్పుడు నేను విప్పి చూశాను. పవర్ బోర్డు మీద రెండు కెపాసిటర్ల (కరెంటును కాసేపు నిలవ ఉంచే చిన్న డబ్బాల్లాంటి భాగాలు) తలలు ఉబ్బి ఉన్నాయి. కోఠి గుజరాతీ గల్లీలో చిల్లర డబ్బులకు దొరికిన రెండు కొత్తవి వేస్తే అది మళ్లీ వెలిగింది. అప్పటి నుంచి మా వాళ్లలో ఎవరు మానిటర్ పోయిందన్నా, అందులో నిజంగా పోయింది ఏమిటో తేలేదాకా పారేయనివ్వడం లేదు.

అన్నీ ఇంట్లో బాగుపడవు. ఏది బాగుపడుతుందో, ఏది పడదో తెలుసుకోవడం మాత్రం ఇంట్లోనే కుదురుతుంది. ఒక్కటే నియమం: బయటి నుంచి లోపలికి రండి. కేబుల్, సీపీయూ, కరెంటు, ఇవన్నీ చూశాకే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.

తప్పు మానిటర్‌దా, సీపీయూదా?

మానిటర్ వెనక నుంచి వీడియో కేబుల్ తీసేయండి. పవర్ వైరు ఉంచండి. మానిటర్ బటన్ ఒకసారి ఆపి మళ్లీ నొక్కండి. "నో సిగ్నల్" అనో "చెక్ కేబుల్" అనో అక్షరాలు, లేదా అటూ ఇటూ తిరిగే రంగుల పెట్టె కనిపించిందా? అయితే మీ మానిటర్ బతికే ఉంది. పవర్ సప్లై, వెనక లైటు (తెర వెనక వెలిగే లైటు), ప్యానెల్ (బొమ్మ ఏర్పడే గాజు తెర), లోపలి బోర్డు చాలావరకు బాగున్నాయని ఆ చిన్న మెసేజ్ చెప్పేస్తుంది. ఇక వెతకాల్సింది కేబుల్‌లో, సీపీయూలో.

ఏమీ కనిపించకపోతే పవర్ లైటు చూడండి. అసలు వెలగకపోతే కరెంటు సమస్య. వెలిగి ఉండి స్క్రీన్ నల్లగా ఉంటే వెనక లైటు మీద అనుమానం. ఆగి ఆగి మిణుకుమంటుంటే, సిగ్నల్ కోసం ఎదురుచూస్తూ కొన్ని మోడళ్లు అలాగే చేస్తాయి. అలా కాకుండా పవర్ బోర్డు ఆన్ కావాలని ప్రయత్నించి, చేతకాక మళ్లీ ఆగిపోతున్నా ఇలాగే కనిపిస్తుంది. రెండింటిలో ఏదో తేలాలంటే సిగ్నల్ ఇచ్చి చూడాలి.

దానికి ఇంకో కంప్యూటరే ఉండనక్కర్లేదు. హెచ్‌డీఎంఐ ఉన్న మానిటరైతే టీవీ సెట్‌టాప్ బాక్సు నుంచి కేబుల్ పీకి మానిటర్‌కి పెట్టండి. మెనూ కనిపిస్తే మానిటర్ మంచిదే. మీ సీపీయూని టీవీకి కలిపి కూడా చూడండి. అక్కడ బొమ్మ వస్తే సీపీయూ మంచిది. ఈ రెండు పరీక్షలూ పది నిమిషాల పని. వీటిని వదిలేసి నేరుగా మానిటర్ మోసుకుని షాపుకి వెళ్లేవాళ్లే ఎక్కువ.

సీపీయూ వైపు తేలితే

సీపీయూలో గ్రాఫిక్స్ కార్డు ఉందేమో చూడండి. ఉంటే కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి. అలవాటుగా పైనున్న మదర్‌బోర్డు పోర్టుకి పెడితే చాలాసార్లు డిస్‌ప్లే రాదు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర "ఎఫ్" అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ లేనట్టే, మదర్‌బోర్డు పోర్టులోంచి ఏమీ రాదు.

ఫ్యాన్లు తిరుగుతూ డిస్‌ప్లే రాకపోతే ర్యామ్ సంగతి చూడండి. సీపీయూ ప్లగ్గు తీసేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, ర్యామ్ బయటికి తీయండి. బంగారు రంగు గీతలను పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు బయటే దులిపి, రెండు పక్కలా టిక్కుమనేలా తిరిగి నొక్కండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి ఈ గీతలూ, కేబుల్ పిన్నులూ త్వరగా మసకబారతాయి.

విండోస్ ఆన్ అయిన శబ్దం వస్తోంది కానీ బొమ్మ లేదంటే, విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ తనను తాను సర్దుకుంటుంది. ల్యాప్‌టాప్‌కి కలిపిన మానిటరైతే విండోస్ కీతో పి నొక్కి "డూప్లికేట్" ఎంచుకోండి.

"అవుట్ ఆఫ్ రేంజ్" లేదా "ఇన్‌పుట్ నాట్ సపోర్టెడ్" అని వస్తే ఏదీ చెడిపోలేదు. మానిటర్ చూపించలేనంత రిజల్యూషన్ గానీ, రిఫ్రెష్ రేటు గానీ సీపీయూ పంపుతోంది. సీపీయూని టీవీకి కలిపి, మీ మానిటర్‌కి సరిపోయే రిజల్యూషన్, 60 హెర్ట్జ్ పెట్టి, మళ్లీ మానిటర్‌కి మార్చండి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే 18.5 అంగుళాల మానిటర్లలో చాలావాటికి 1366, 768 సరిపోతుంది.

పాత వీజీఏ కేబుల్ వాడేవాళ్లకు ఇంకో మాట. బొమ్మ మొత్తం పసుపుగానో, గులాబీగానో, ఆకాశనీలంగానో మారితే కేబుల్ చివర చూడండి. మొదటి మూడు పిన్నులు వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను మోస్తాయి. వాటిలో ఒకటి వంగినా, అందకపోయినా ఆ రంగు తప్పిపోతుంది. నీలం పోతే తెర పసుపు, ఆకుపచ్చ పోతే గులాబీ, ఎరుపు పోతే ఆకాశనీలం. సన్నని స్క్రూడ్రైవర్ మొనతో పిన్నును నిటారుగా చేస్తే చాలు. పిన్నులు లెక్కపెడితే 15కి బదులు 14 ఉండొచ్చు. కంగారు పడకండి, చాలా కేబుళ్లలో 9వ పిన్ను పెట్టరు.

పవర్ లైటే వెలగకపోతే

ముందు స్విచ్ బోర్డు మార్చండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసేసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి. వైరు సీపీయూకి వాడే రకమే అయితే ఆ రెండు వైర్లూ అటుదిటు మార్చి చూడండి.

ఛార్జర్ లాంటి విడి అడాప్టర్ ఉన్న మానిటరైతే మీ అదృష్టం, ఎందుకంటే ముందుగా పోయేది చాలాసార్లు ఆ అడాప్టరే. వోల్టులు కొలిచే సాధారణ మల్టీమీటర్ చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర ముల్లు పిన్ను లోపలికి, నల్ల ముల్లు బయటి అంచుకి ఆనించండి. అడాప్టర్ మీద 12 అని రాసి ఉంటే సుమారు 12, 19 అని ఉంటే సుమారు 19 చూపించాలి. సున్నా అయితే అడాప్టర్ పోయింది. అంకె ఎగిరెగిరి పడుతున్నా పోయినట్టే. విడిగా సరిగ్గా చూపించి, మానిటర్‌కి పెట్టగానే అడాప్టర్ మీది లైటు మినుకుమంటే, బరువు మోయలేకపోతోందన్నమాట.

కొత్తది కొనేటప్పుడు మూడు సంగతులు చూడండి. వోల్టులు అచ్చం అవే ఉండాలి. ఆంపియర్లు అంతే గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా అన్న బొమ్మ పాతదానితో కలవాలి. పిన్ను పట్టింది కదా అని 12 వోల్టుల మానిటర్‌కి 19 వోల్టుల అడాప్టర్ పెడితే, అప్పటిదాకా బాగున్న బోర్డు కూడా కాలిపోవచ్చు.

బటన్ల సంగతి చాలామంది మరిచిపోతారు. మానిటర్ దానంతట అదే ఆరి వెలుగుతున్నా, మెనూ మధ్యమధ్యలో ప్రత్యక్షమవుతున్నా, వాల్యూమ్ బార్ కదులుతున్నా అది చెమటా దుమ్మూ పట్టి ఇరుక్కుపోయిన బటన్ పని. ప్లగ్గు తీసి, బటన్‌ను పక్కల నుంచి కొన్నిసార్లు ఆడించి చూడండి. అప్పటికీ తగ్గకపోతే, లోపలి బటన్ బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచే పని మిగిలింది.

టార్చి పరీక్ష

గది చీకటి చేసి, మానిటర్ ఆన్ చేసి, సీపీయూ బొమ్మ పంపుతుండగా ఫోన్ టార్చి వెలుగును స్క్రీన్ మీద పక్క నుంచి ఏటవాలుగా వేయండి. అంగుళం దూరంలో పెట్టి మెల్లగా జరపండి. ఐకాన్లు, కిటికీల అంచులు నీడల్లా కనిపిస్తున్నాయా? అయితే బొమ్మ ఏర్పడుతోంది, దాన్ని మన కంటికి చూపించే వెనక లైటు మాత్రమే ఆరిపోయింది. మా బావగారి మానిటర్‌లో తేలింది ఇదే. "ప్యానెల్ పోయింది" అన్న మాట తప్పని నాకు స్క్రూ విప్పకముందే అర్థమైంది.

పాత మానిటర్లలో వెనక లైటు అంటే సన్నని ట్యూబులు. వాటికి బోర్డు మీద ఇన్వర్టర్ అనే భాగం వందల వోల్టుల కరెంటు తయారు చేసి పంపుతుంది. అక్కడ ఏ తేడా వచ్చినా రెండు సెకన్లలో ఆపేసుకుంటుంది. బొమ్మ వచ్చి మాయమవడానికి కారణం అదే. తర్వాత వచ్చిన మానిటర్లలో ట్యూబుల బదులు ఎల్‌ఈడీ పట్టీలు ఉంటాయి. ఒక వరసలో చిన్న బల్బు ఒక్కటి తెగినా ఆ వరస మొత్తం ఆరిపోతుంది. ఆ పట్టీ మార్చాలంటే గాజు ప్యానెల్‌ను విడదీయాలి. మొదటిసారి విప్పేవాళ్లు ఆ పనికి దిగకండి. పవర్ బోర్డు దగ్గరి లోపమైతే మాత్రం ధైర్యంగా చేయొచ్చు.

ఇంట్లో బాగుపడనివి

పైనుంచి కిందికి ఒకే చోట నిలిచిన రంగు గీతలు, సగం తెర ఒక రంగు సగం ఇంకో రంగు, దెబ్బ తగిలి సాలెగూడులా పాకిన మరక, ఇవి ప్యానెల్ లోపాలు. ముందు మానిటర్ సొంత మెనూ తెరిచి చూడండి. మెనూ మీద కూడా గీతలు పడితే ప్యానెల్ గానీ, లోపలి రిబ్బన్ (వెడల్పాటి పలచటి వైరు) గానీ కారణం. మెనూ శుభ్రంగా ఉండి మిగతా చోట గీతలుంటే కేబుల్, గ్రాఫిక్స్ కార్డు చూసుకోండి. గాజు అంచుకి అతికించి ఉండే రిబ్బన్ ఊడితే దాన్ని అతికించే యంత్రం ఇళ్లలో ఉండదు, చాలా షాపుల్లోనూ ఉండదు. ప్యానెల్ మార్చాలంటే దాదాపు కొత్త మానిటర్ ఖర్చవుతుంది. అప్పుడు వదిలేయడమే తెలివి. అలాంటిదాన్ని చెత్తబండిలో వేయకండి, పాత మానిటర్ల ట్యూబుల్లో పాదరసం ఉంటుంది. ఈ-వేస్ట్ తీసుకునే వాళ్లకు ఇవ్వండి. స్టాండు, అడాప్టర్, కేబుల్, పవర్ బోర్డు దాచుకుంటే ఇంకో మానిటర్‌కి పనికొస్తాయి.

ఒకే చుక్క ఎరుపుగానో, ఆకుపచ్చగానో ఇరుక్కుంటే వేగంగా రంగులు మార్చే వీడియోను అరగంట నడిపి చూడండి, కొన్నిసార్లు పోతుంది. నల్లగా ఉన్న చుక్క మాత్రం ఇలా పోదు.

వానాకాలం మొదట్లో చాలా ఇళ్లలో జరిగేది ఇంకొకటుంది. స్క్రీన్ లోపల చిన్న చీమ నడుస్తూ కనిపిస్తుంది. దాన్ని వేలితో నొక్కకండి! అక్కడే చనిపోతే ఆ మచ్చ ఎప్పటికీ ఉండిపోతుంది. మానిటర్ ఆపేసి, గది లైటు ఆర్పి, పక్కన చిన్న దీపం పెట్టి వదిలేయండి. వెలుగు కోసం లోపలికి వచ్చింది వెలుగు కోసమే బయటికి వస్తుంది.

విప్పే ముందు

వెనక స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ ఉంటుంది. దాన్ని కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ చూడండి. చాలా మానిటర్లకు 3 ఏళ్లు ఇస్తారు. ఉంటే విప్పొద్దు.

పాత డబ్బా మానిటరైతే, అంటే వెనక పెద్ద బొడిపె ఉన్న సీఆర్‌టీ అయితే, అసలు తెరవకండి. దాని పిక్చర్ ట్యూబులో 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు తీసిన చాలాసేపటికి కూడా అది కొట్టగలదు.

పలచటి మానిటర్ లోపల కూడా భయపడాల్సింది ఒకటుంది. నేరుగా 230 వోల్టుల వైరు వెళ్లే మానిటర్ పవర్ బోర్డు మీద, మిగతావాటికంటే లావుగా, 400 లేదా 450 వోల్టులు అని రాసిన కెపాసిటర్ కనిపిస్తుంది. మన ఇంటి కరెంటు అందులో దాదాపు 325 వోల్టుల డీసీగా నిలవ ఉంటుంది. కాబట్టి ప్లగ్గు తీసి, మానిటర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి, కనీసం అరగంట ఆగండి. మూత తీశాక ఆ కెపాసిటర్ కాళ్ల మీద మీటరును డీసీ 600 లేదా 1000 వోల్టుల దగ్గర పెట్టి చూడండి. ఇంకా పదుల వోల్టులు చూపిస్తే, హోల్డర్‌కి రెండు వైర్లు కట్టిన 60 లేదా 100 వాట్ల పాత పీచు (ఫిలమెంట్) బల్బును ఆ కాళ్లకు కొన్ని సెకన్లు ఆనించండి. వైర్ల చివర్లు తప్ప రాగి ఎక్కడా బయటికి కనిపించకూడదు. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఒక్కో వైరుగా ఆనించండి. మళ్లీ మీటరుతో చూసి, 5 వోల్టుల లోపు వచ్చాకే బోర్డు ముట్టుకోండి. కొందరు స్క్రూడ్రైవర్‌తో ఆ కాళ్లు కలిపేస్తారు. పెద్ద నిప్పురవ్వ లేస్తుంది, బోర్డు పోతుంది, కళ్లకూ ప్రమాదం. ఆ పని చేయకండి.

ఇంట్లో చిన్నపిల్లలుంటే తలుపు వేసుకుని చేయండి. ఈ పనిలో తొందర పనికిరాదు.

మూత తీయడం

మంచం మీద దుప్పటి పరిచి, స్క్రీన్ కిందికి ఉండేలా బోర్లా పెట్టండి. స్టాండు తీసేయండి. స్టాండు మూత కింద, వెనక స్టిక్కర్ల కింద స్క్రూలు దాగి ఉంటాయి. అన్నీ తీశాకా మూత రాకపోతే బలం చేయకండి, అది క్లిప్పులతో పట్టుకుని ఉంటుంది. పాత ఏటీఎం కార్డు లాంటి పలచటి ప్లాస్టిక్ ముక్కను కింది అంచు సందులో దూర్చి మెల్లగా పక్కకు జరుపుతూ పోతే టక్ టక్‌మంటూ ఒక్కో క్లిప్పూ వదులుతుంది. స్క్రూడ్రైవర్ దూరిస్తే లోపలి గాజు పగులుతుంది. ఎక్కువ మానిటర్లు పోయేది రిపేరులో కాదు, ఈ మూత తీయడంలో.

ముందు చట్రం వదిలాక, బటన్ బోర్డు వైరు, లైట్ల వైర్లు, ప్యానెల్‌కి వెళ్లే వెడల్పాటి రిబ్బన్ కనిపిస్తాయి. ఏది తీసినా ముందు ఫోన్‌తో ఫొటో తీయండి. నేను ప్రతి దశకీ మూడు ఫొటోలు తీస్తాను. స్క్రూలను తీసిన వరసలో ఒక కాగితం మీద పెట్టి పక్కన రాసుకోండి, పొడుగు స్క్రూ పొట్టి స్క్రూ రంధ్రంలో పడితే ప్యానెల్‌కి గుచ్చుకోవచ్చు.

ఇనుప రేకు కింద మామూలుగా రెండు బోర్డులుంటాయి. కరెంటు వైరు వచ్చేది పవర్ బోర్డు, వీడియో కేబుల్ వచ్చేది మెయిన్ బోర్డు. ఇక్కడ చేతి పని కంటే కంటి పని ఎక్కువ. మంచి వెలుతురులో, వీలైతే భూతద్దంతో చూడండి. నల్లగా కాలిన చోటు, పగిలిన భాగం, బల్లి పడి చనిపోయి రెండు కాళ్లను కలిపేసిన చోటు, బోర్డు వెనక కాళ్ల చుట్టూ సన్నని ఉంగరంలా చిట్లిన సోల్డరింగ్ (కాళ్లను బోర్డుకి అతికించే సీసం). ఆ చివరిదాన్నే మెకానిక్కులు డ్రై సోల్డర్ అంటారు. కొంచెం సీసం కలిపి వేడి చేస్తే అతుక్కుంటుంది. ప్యానెల్ రిబ్బన్‌ను ఒకసారి ఊడదీసి గట్టిగా పెట్టినా తెల్లటి తెర, అదిరే బొమ్మ లాంటివి కొన్ని తగ్గిపోతాయి.

ఉబ్బిన కెపాసిటర్లు

నిలువుగా నిలబడ్డ చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల తల చదునుగా ఉండాలి. తల మీద ప్లస్ గుర్తులా గాట్లుంటాయి. అక్కడ బోర్లించిన గిన్నెలా ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా, కింది రబ్బరు పైకి తన్నుకొచ్చినా అది పోయినట్టే. ఆలస్యంగా ఆన్ అవడం, వేడెక్కాకే వెలగడం, వెలుగు అదరడం, వచ్చి మాయమవడం, వీటన్నింటి వెనకా చాలాసార్లు ఉండేది ఇదే.

వీటిని చంపేది వేడి. లోపల ద్రవం ఉంటుంది, వేడికి అది మెల్లగా ఎండిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక లెక్క. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల ఎండాకాలం బయటే 45 డిగ్రీలు దాటుతుంది, గోడకి ఆనించిన మానిటర్ లోపల ఇంకెంత ఉంటుందో ఊహించండి. వెనక జాలీకి నాలుగు వేళ్ల ఖాళీ వదలమని, దాని మీద గుడ్డ కప్పొద్దని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

కొత్తవి కొనడానికి పాతదాన్ని జేబులో వేసుకుని వెళ్లండి. మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి. వోల్టులు అంతే లేదా ఎక్కువ: 16 వోల్టుల స్థానంలో 25 వేయొచ్చు, 10 వేయకూడదు. 85 డిగ్రీలవి కాకుండా 105 డిగ్రీలు అని రాసినవే అడగండి. "లో ఈఎస్ఆర్" రకం అంటే షాపువాళ్లకు తెలుస్తుంది. ఎత్తు, లావు కూడా కొలుచుకోండి, ఒక్క మిల్లీమీటరు ఎక్కువైనా వెనక రేకు మూసుకోదు. తరచుగా పోయేవి 1000 మైక్రోఫారడ్ 25 వోల్టులు, 470 మైక్రోఫారడ్ 25 వోల్టుల లాంటివి. ఒకటే ఉబ్బినా దాని చుట్టూ ఉన్న అదే జాతి కెపాసిటర్లన్నీ మార్చేయండి. పైకి బాగా కనిపిస్తూ లోపల ఎండిపోయినవి ఉంటాయి, మళ్లీ ఆరు నెలలకు విప్పే బాధ తప్పుతుంది. హైదరాబాద్‌లో గుజరాతీ గల్లీ సంగతి చెప్పాను. చెన్నైలో ఉన్న తెలుగువాళ్లకు రిచీ స్ట్రీట్ ఉంది. చిన్న ఊళ్లలో టీవీ రిపేరు చేసే పెద్దాయన దగ్గర అడగండి, డబ్బా తీసి వెతికి ఇస్తారు.

సోల్డరింగ్

ఎప్పుడూ సోల్డరింగ్ పట్టనివాళ్లు, ముందు పాడైన ఫోన్ ఛార్జర్ బోర్డు మీద ఒక సాయంత్రం సాధన చేయండి. ఐదారు భాగాలు ఊడదీసి మళ్లీ పెట్టగలిగితే ఇది చేయగలరు.

25 నుంచి 35 వాట్ల ఐరన్, 60/40 సీసం తీగ, కొంచెం సోల్డరింగ్ పేస్టు, సీసం పీల్చే పంపు కావాలి. కిటికీ తీసి ఉంచండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. తీయకముందే పాత కెపాసిటర్ పక్కన ఉన్న తెల్లటి లేదా బూడిదరంగు పట్టీ ఏ వైపు ఉందో ఫొటో తీయండి. ఆ పట్టీ మైనస్ కాలు. తిరగేసి పెడితే ఆన్ చేసిన కాసేపటికే పేలుతుంది.

కొత్త బోర్డుల్లో సీసం లేని సోల్డర్ ఉంటుంది, త్వరగా కరగదు. దాని మీద కాస్త మన సీసం కలిపితే దిగివస్తుంది. బోర్డు వెనక ఒక కాలు వేడిచేసి కెపాసిటర్‌ను కొంచెం వంచండి, తర్వాత రెండో కాలు, ఇలా అటూ ఇటూ ఊపుతూ తీయండి. లాగితే రంధ్రం చుట్టూ ఉన్న రాగి ఊడివస్తుంది. రంధ్రం శుభ్రం చేసి, కొత్తది పెట్టి, ఐరన్‌ను కాలికీ రాగికీ కలిపి రెండు మూడు సెకన్లు ఆనించి, తీగ అందించండి. మెరుస్తూ చిన్న కొండలా నిలిస్తే బాగా అతికినట్టు. గుండ్రటి ఉండలా కూర్చుంటే మళ్లీ వేడి చేయండి. మిగిలిన కాళ్లు కత్తిరించి, పక్క రాగికి తగలట్లేదని చూసుకోండి.

ఫ్యూజు, మొదటిసారి ఆన్ చేయడం

కరెంటు వైరు వచ్చే చోటే ఫ్యూజు ఉంటుంది. గాజు గొట్టం కావచ్చు, చిన్న నల్ల పెట్టె కావచ్చు. మీటరును కంటిన్యూటీలో (దారి తెగలేదని శబ్దంతో చెప్పే అమరిక) పెడితే కుయ్‌మనాలి. మోగకపోతే ఫ్యూజు పోయింది. కానీ ఫ్యూజు ఊరికే పోదు, పిడుగులకో హై వోల్టేజీకో వెనక ఉన్న డయోడ్లు గానీ, మాస్‌ఫెట్ అనే స్విచ్ లాంటి భాగం గానీ షార్ట్ అయి ఉంటాయి. కొత్త ఫ్యూజు వేసి నేరుగా ప్లగ్గు పెడితే అదీ పోతుంది. ఫ్యూజు స్థానంలో వైరు ముక్క చుట్టే పని మాత్రం ఎప్పుడూ చేయకండి, అది ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

అందుకే రిపేరు తర్వాత మొదటిసారి సిరీస్ బల్బుతో, అంటే కరెంటు ఒక బల్బు గుండానే మానిటర్‌కి వెళ్లేలా పెట్టి, పరీక్షించండి. ఎలక్ట్రీషియన్ల దగ్గర 60 లేదా 100 వాట్ల పీచు బల్బు ఉన్న సిరీస్ బోర్డు ఉంటుంది, అడిగి తెచ్చుకోవచ్చు. రేకు బిగించి, వెనక మూత పైపైన కప్పి ప్లగ్గు పెట్టండి. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే షార్ట్ లేదు. నిండుగా వెలుగుతూ నిలిచిపోతే లోపల ఇంకా షార్ట్ ఉంది. వెంటనే ఆపి, అక్కడితో టెక్నీషియన్‌కి ఇవ్వండి. డయోడ్లు, ఐసీలు మార్చడం నేర్చుకున్నాక చేయాల్సిన పని. కరెంటు ఉన్నంతసేపూ తెరిచిన బోర్డు మీద చెయ్యి పెట్టకండి, ట్యూబులకు వెళ్లే గులాబీ, తెలుపు వైర్ల దగ్గర అసలు పెట్టకండి.

బల్బు పరీక్ష దాటాక నేరుగా ప్లగ్గు పెట్టి, తెల్లటి పేజీ ఏదైనా తెరిచి రెండు గంటలు నడవనివ్వండి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక మొరాయించే లోపాలు ఆ రెండు గంటల్లో బయటపడతాయి. అన్నీ బాగుంటే ప్లగ్గు తీసి, చల్లారనిచ్చి, స్క్రూలు బిగించండి. గాజు తుడవడానికి మైక్రోఫైబర్ గుడ్డ మీద నాలుగు చుక్కల డిస్టిల్డ్ వాటర్ చాలు, ఇన్వర్టర్ బ్యాటరీకి పోసేదే. అద్దాలు తుడిచే స్ప్రే వాడితే పైపూత పోతుంది.

మూత వేసే ముందు ఇంకో చిన్న పని. మార్చిన కెపాసిటర్ల విలువలు, తేదీ ఒక కాగితం ముక్క మీద రాసి వెనక మూత లోపలి ప్లాస్టిక్‌కి అతికించండి. మరో మూడు నాలుగేళ్లకు దాన్ని తెరిచేవాళ్లు ఎవరైనా, ముందుగా ఎక్కడ చూడాలో వాళ్లకు తెలుస్తుంది.